రెండున్నర గంటల దూరంలో మా చాచా

పక్కింటి చాచా పోయారని ఎల్లారెడ్డి నుంచి అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున నమాజు చేసుకుని, చాయ్ తాగి, కుర్చీలోనే ఒరిగిపోయారట. సాయంత్రానికల్లా మట్టి చేసేస్తారంది. నేను మలేషియాలో ఉన్నాను. చివరి చూపు మాటే లేదు.

చాచా వయసులో ఉన్నప్పుడు ఇక్కడి పామాయిల్ తోటల్లో పనిచేశారు. మావైపు వాళ్ళు ఎక్కువగా దుబాయ్, మస్కట్ పోతారు, మలేషియా సంగతి తెలిసింది ఆయనకే. అందుకే కామారెడ్డి నుంచి గానీ లింగంపేట నుంచి గానీ ఎవరు మలేషియా బయలుదేరినా ముందు చాచా ఇంటి అరుగు మీదికి వచ్చేవారు. ఇది చదివేవాళ్ళలో కొందరు ఆ అరుగు మీద కూర్చునే ఉంటారు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందని, మనం చాయ్ పొయ్యి మీద పెట్టే వేళకు వాళ్ళు పనిలో చెమటోడుస్తుంటారని చాచా చెప్పేవారు. ఏడాదంతా ఉక్క, ఏ రోజైనా వాన రావచ్చు, గొడుగు మరవొద్దనేవారు.

మా ఆయనకు ఇక్కడి హోటల్లో వంటపని దొరికి నన్నూ రమ్మన్నప్పుడు నేనూ అక్కడే కూర్చున్నాను. కొత్త భాష అంటే భయమేసింది. సగం మనకు తెలిసిన మాటలేనని చాచా నవ్వారు. దునియాను వాళ్ళూ దునియా అంటారు, వేళను మనం వఖ్తు అన్నట్టే వక్తు అంటారు.

"అపా కబర్ అంటే ఏం ఖబర్ అని. గంతే బిడ్డా. ఇగ ఒక్కటి మర్వకు, తొలోంగ్. సాయం చెయ్యిమని. అది అడుగుతందుకు సిగ్గువడకు."

వచ్చిన కొత్తలోనే ఆ మాట అవసరం పడింది. పాలకని కిందికి దిగి, అన్నీ ఒక్కలాగే ఉన్న బిల్డింగుల మధ్య దారి తప్పాను. ఫోన్ ఇంట్లో ఉంది. వాన మొదలైంది. చివరికి ఒక పెద్దావిడ ముందు నిలబడి తొలోంగ్ అన్నాను. తర్వాతి మాట రాలేదు, ఏడుపు వచ్చింది. ఆవిడ నన్ను గొడుగు కిందికి లాక్కుని, మా ఇల్లు దొరికేదాకా గేటు గేటుకూ తిప్పింది.

ఫోన్ చేసి చెబితే చాచా నవ్వలేదు. ఆవిడ ఏమందో, ఎట్లా పలికిందో అడిగి అడిగి చెప్పించుకున్నారు. అప్పటినుంచి మా ఆయన పనిలో ఉండే వేళ చూసుకుని చాచానే ఫోన్ చేసేవారు. మలయ్‌లోనే మాట్లాడేవారు. నాకు నేర్పడానికే అనుకున్నాను. భాష కాస్త పట్టుబడ్డాక, ఇక మీకు శ్రమ ఎందుకు చాచా అన్నాను.

"నీ కోసమే కాదు బిడ్డా. నా జవానీ అంత ఆ మాటలనే గడిచింది. ఈడ నాతోని ఆ మాట మాట్లాడెటోళ్లు ఎవ్వరున్నరు?"

తోటల్లో ఉన్నన్నాళ్ళూ మన మాట కోసం మొహం వాచిన మనిషి, ఇల్లు చేరాక మలయ్ మాట కోసం మొహం వాచారని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత నేనే ఫోన్ చేసేదాన్ని. లిఫ్టు చెడిపోవడం, చేపల ధర, ఎదురింటి గొడవ, అన్నీ మలయ్‌లో చెప్పేదాన్ని. "ఇంక?" అనేవారు.

అమ్మ ఫోన్ పెట్టేశాక, ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక, బయట మెట్ల మీద కూర్చున్నాను. పై అంతస్తు మలయ్ ఆవిడ ఉతికిన బట్టలతో వెళుతూ నన్ను చూసి ఆగింది. ఏమైందని అడిగింది. వచ్చినంత మలయ్‌లో చాచా గురించి చెప్పాను. ఆవిడ తడిబట్టల బుట్ట దించి నా పక్కన కూర్చుంది. ఆయనది ఏ ఊరంది.

ఎల్లారెడ్డి అన్నాను.

ఆవిడకు నోరు తిరగలేదు. యలారది అంది. తల అడ్డంగా ఊపి, మళ్ళీ అంది. సరిగ్గా వచ్చేదాకా, మెల్లగా, అంటూనే ఉంది.