తలుపు మీద మూడు ఆదివారాలు

1988 జూన్‌లో మా పెద్ద కార్యాలయం నన్ను గుంటూరు జిల్లా నుంచి కలకత్తాకు బదిలీ చేసింది. ఉత్తర్వులో నా హోదా ‘సంఘాల స్థాపన, పునరుద్ధరణ పాస్టరు’ అని ఉంది. పేరు ఘనమే గానీ పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. తెలుగు క్రైస్తవులు నాలుగిళ్ల వాళ్లు చేరి ప్రార్థన చేసుకుంటున్న చోట సంఘం పెట్టాలి. ఉన్న సంఘం నీరసిస్తే నిలబెట్టాలి, నిలబడదనుకుంటే మూసేసి పక్క సంఘంలో కలపాలి. నాకప్పుడు ముప్పై నాలుగేళ్లు. నిబంధనల పుస్తకం మొత్తం కంఠతా వచ్చు, దాన్ని చూసుకుని నాకు చెప్పలేనంత గర్వం.

మొదట అప్పగించిన చోటు కలకత్తా శివారులో హుగ్లీ ఒడ్డున ఉన్న బడ్జ్ బడ్జ్. జూట్ మిల్లు లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబాలు మూడు తరాలుగా ఉంటున్నాయి. లైన్ల చివర రేకుల గది ఒకటి వాళ్ల ప్రార్థన మందిరం. ఆ వేసవిలోనే మిల్లుకు లాకౌట్ పడింది. మగవాళ్లు పొద్దున గేటు దగ్గర ఎర్రజెండాల కింద కూర్చుని, మధ్యాహ్నానికి ఊరికే ఇంటికొచ్చేవాళ్లు. ఆ గదిలో ఆదివారం పాట కూడా గొంతు పెగలనట్టే వినిపించేది.

బడ్జ్ బడ్జ్ అప్పటికి ‘కూడిక’ మాత్రమే. దాన్ని సంఘంగా గుర్తించాలంటే ప్రభు సంస్కారం పుచ్చుకునే సభ్యులు నలభై మందికి తగ్గకుండా రిజిస్టరులో ఉండాలి. అప్పుడు సొంత పాస్టరు వస్తాడు, గదికి మరమ్మతు జరుగుతుంది. లేకపోతే షాలిమార్ సంఘంలో కలిపేస్తారు. పనిలేని మనుషులు పిల్లల్ని వేసుకుని రెండు బస్సులు మారి, నది దాటి ఆరాధనకు వెళ్లాలి. వెళ్లరని అందరికీ తెలుసు.

కూడికను నడిపేది సింహాద్రి ఉపదేశి. మాలో ఉపదేశి వాక్యం చెప్పొచ్చు, ప్రార్థన నడపొచ్చు, బాప్తిస్మం, సంస్కారం మాత్రం ఇవ్వకూడదు. వాటికి అభిషేకం పొందిన పాస్టరు రావాలి. ఆయన మిల్లులో రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లుగా ఆ గది తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. రిజిస్టరు ఏదని అడిగితే నన్ను ఒక చెక్క అరమర దగ్గరికి తీసుకెళ్లాడు. దాంట్లో వరసగా డబ్బాలు. ఆడవాళ్లు రోజూ ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం దేవుడి పేరున తీసి డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చి గోనెలో గుమ్మరించి, ఆరాధన అయ్యేదాకా డబ్బా అరమరలో పెడతారు. ఆ డబ్బాలు చూస్తే ఎవరొచ్చారో, ఎవరు మంచం పట్టారో, ఎవరు ఊరెళ్లారో ఆయనకు తెలిసిపోతుంది. డబ్బా మీద పేరుండదు. గీతో, చుక్కో, సొట్టో గుర్తు.

“మరి పేర్లు?” అన్నాను.

“పేర్లు నాకు నోటికొచ్చు అయ్యగోరూ. రాయడమేటికి?”

నాకు ఒళ్లు మండింది. చదువురాని మనిషి అనుకున్నాను. వారం తిరక్కుండానే ఆయన అక్షరాలు చూశాను, నా అక్షరాల కంటే గుండ్రంగా ఉన్నాయి.

జూలై, ఆగస్టు నెలల్లో ఇల్లిల్లూ తిరిగి నలభై ఏడు మందిని రిజిస్టరులో ఎక్కించాను. ఫారంలో బాప్తిస్మపు పేరుకు ఒక గడి, రేషన్ కార్డులో పేరుకు ఒక గడి ఉంటాయి. రెండూ నింపాను. ఇక మిగిలింది ప్రకటన. మా పద్ధతి ప్రకారం పట్టికను మూడు ఆదివారాలు మందిరం తలుపుకు అంటించాలి. మూడో ఆదివారం ఆరాధనలో అభ్యంతరాలు అడగాలి. ఎవరూ నోరెత్తకపోతే అప్పుడే వాళ్లు సభ్యులైనట్టు, అంతదాకా పట్టికకు విలువ లేదు.

ఆ సాయంత్రం సింహాద్రి నా కోసం గుమ్మం బయట నిలబడ్డాడు. “రాసినారు, బాగుంది. తలుపుకి మాత్రం కట్టకండి బాబూ. మనోల్లలో సగం ఇళ్లకి ఎస్సీ కాయితం ఉంది. కిరస్తానీలమని తేలితే ఆ కాయితం సెల్లదు. పిల్లల సదువులు, నౌకర్లు అన్నీ దాని మీదే ఉన్నాయి.”

నాకు తెలియని సంగతి కాదు. కానీ ఆ రోజు నాకు మహా నీతి పుట్టుకొచ్చింది. విశ్వాసాన్ని దాచుకుని లాభం పొందడం ఏం విశ్వాసమని అరగంట క్లాసు పీకాను. పైగా ఈ ఊళ్లో తెలుగు చదివేదెవరులే అన్నాను.

తెలుగు చదవలేనివాళ్లు అసలు మా పిల్లలే. పాటల్ని బెంగాలీ లిపిలో రాసుకుని పాడేవాళ్లు. వాళ్ల పేర్లు వాళ్లకే అర్థం కాకపోతే ప్రకటనకు అర్థమేముందని, పట్టికకు బెంగాలీ ప్రతి కూడా తీయించాలనుకున్నాను. దస్తూరీ బాగున్న పిల్ల లక్ష్మి. చమురు డిపోలో పీపాలు మోసే అప్పన్న కూతురు, పద్దెనిమిదేళ్లది, బాప్తిస్మపు పేరు ఎస్తేరు. ఆ ఏడాదే రిజర్వేషన్ కోటాలో నర్సు ట్రెయినింగుకు సీటు వచ్చింది. దుర్గా పూజ సెలవులు కాగానే చేరాలి. లైన్లలో అంతదాకా వెళ్లిన ఆడపిల్ల ఆమే. నీలం సిరాతో, స్కేలు పెట్టి గీతలు కొట్టి, ఒక్కొక్క పేరూ రాసింది. తన పేరు దగ్గరికొచ్చి కలం ఆపింది.

“అయ్యగారూ, నాది కూడా రెండు పేర్లూ రాయాలా?”

“రాయమ్మా. నీ పేరు నువ్వు రాసుకోవడానికి సిగ్గేమిటి?” అన్నాను.

రాసింది.

రెండో ఆదివారం దాటాక బెంగాలీ ప్రతి తలుపు మీద లేదు. ఎవరు చింపుకుపోయారో నాకు ఈనాటికీ తెలియదు. మంగళవారం కూతురి ఎస్సీ సర్టిఫికెట్ గురించి అప్పన్న చేతికి నోటీసు వచ్చింది. గురువారం సర్టిఫికెట్లు పరిశీలించే అధికారి ఒకాయన మందిరానికే వచ్చాడు. పెద్దమనిషి, మర్యాదస్తుడు. బెంచీ మీద కూర్చుని కండువాతో చెమట తుడుచుకున్నాడు. చేతిలో లక్ష్మి రాసిన కాగితం. ఈ పట్టిక మీదేనా అని హిందీలో అడిగాడు. అవునన్నాను. వీళ్లంతా మీ సభ్యులేనా, లేక ఊరికే వినడానికి వచ్చేవాళ్లా అని అడిగి, నా ముఖంలోకి చూసి, తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి దాదా అని అన్నను పిలిచినట్టు అన్నాడు.

ఆయన నాకు దారి చూపిస్తున్నాడు. నేను అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. మూడో ఆదివారం ఇంకా రాలేదు కాబట్టి మా నిబంధన ప్రకారం వాళ్లెవరూ అప్పటికి సభ్యులు కారు. ఆ పుస్తకం కంఠతా వచ్చినవాణ్ణి నేనే. కానీ సభ్యులు కారని చెప్తే ఆ పేర్లు ఇక పట్టికలో ఉంచలేను, పేర్లు పోతే నలభై నిండదు, నలభై నిండకపోతే నా మొదటి సంఘం లేదు. ఆ లెక్క నా బుర్రలో తిరిగింది. అందరూ సభ్యులేనని చెప్పాను. సంతకం పెట్టమంటే పెట్టాను.

నోటీసు సంగతి తెలిసి చాలామంది రాలేదు, మూడో ఆదివారం అరమరలో పదకొండే డబ్బాలు ఉన్నాయి. అయినా పద్ధతి ప్రకారం ముందుకొచ్చి పేర్లు చదివాను. ఎవరికైనా, ఎవరి పేరు మీదనైనా అభ్యంతరం ఉందా అని అడిగాను. మూడోసారి అడిగేసరికి ఆడవాళ్ల వైపు చాప మీంచి లక్ష్మి లేచింది.

“నాకుంది. నా పేరు మీద నాకే అభ్యంతరం. తీసీండి.”

అప్పన్న తల వంచుకుని కూర్చున్నాడు. నేను అభ్యంతరానికి కారణం చెప్పాలమ్మా అన్నాను. పుస్తకంలో అలాగే ఉంది మరి.

“కారణం మీకు తెల్దేటి?” అంది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ గదిలో అందరి ముందూ నాకు భూమిలోకి దిగబడిపోవాలనిపించింది.

ఆమె పేరు కొట్టేసి పక్కన ‘స్వయంగా’ అని రాశాను. అప్పటికే ఆలస్యమైంది. సంతకం గురువారమే వెళ్లిపోయింది. పూజ లోపే సీటు రద్దయింది. ఆ చలికాలంలో కలకత్తా సాల్ట్ లేక్ కాలనీలో ఎవరింట్లోనో ముసలావిడకు ఆయాగా చేరిందని విన్నాను. నేను వెళ్లి కనబడలేదు. ధైర్యం చాల్లేదు.

మనుషులు రావడం మానేశాక, నవంబరులో రేకుల గదికి తాళం వేశాం. తాళంచెవి నా చేతిలో పెడుతూ సింహాద్రి ఒకే మాటన్నాడు. “ముప్పై ఏళ్లు ఎవుల పేరూ రాయకుండా కాసినాను అయ్యగోరూ. మీరు మూడు వారాల్లో రాసీసి మూసీసినారు.” ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

కూడిక ఎందుకు మూతపడిందో పెద్ద కార్యాలయానికి నివేదిక పంపాలి. ‘మిల్లు లాకౌట్ వల్ల కుటుంబాలు చెదిరిపోయినందున’ అని రాశాను. నమ్మారు. మరుసటి ఏడు నన్ను ఇంకో చోటికి పంపి, కొత్త సంఘం పెట్టమన్నారు.

రిటైరయ్యేలోపు ఇంకా కొన్ని సంఘాలు పెట్టాను. ప్రతిచోటా పట్టిక అంటించే ముందు ఒక్కొక్క ఇంటికీ వెళ్లి, ఈ పేరు బయటపడితే మీకేం పోతుందని అడిగాను. పోయేది ఉన్నవాళ్ల పేర్లు రాయలేదు. దానివల్ల రెండు చోట్ల నలభై నిండక సంఘాలు నిలబడలేదు, పైవాళ్లు నన్ను చేతకానివాడన్నారు. మా పనికి వచ్చే కుర్ర పాస్టర్లకు నేను చెప్పగలిగింది ఇంతే. విశ్వాసం కోసం నష్టపడాలా వద్దా అన్నది ఆ మనిషి తేల్చుకోవాలి. నేను లక్ష్మి తరఫున తేల్చేశాను, అదీ నా సంఘం కోసం.