కాన్పు వంతు

ఆ క్రెష్‌లో పాలు తాగే పిల్లల గదికి ఆయాలు ఏడుగురు. ముగ్గురు పసివాళ్ళకి ఒక మనిషి చొప్పున ఉండి తీరాలని రూలు. ఒక్కరు కాన్పుకి సెలవు పెడితే క్రెష్ నడిపే మేడమ్ ఎలాగో సర్దుతుంది. ఇద్దరు ఒకేసారి పెడితే గదికి తాళం, మిగతా అయిదుగురికి ఇంటిదారి. అందుకని ఆయాలే ఒక ఏర్పాటు చేసుకున్నారు. గుడ్డలు పెట్టే బీరువా తలుపుకి లోపలివైపు ఒక కాగితం అంటించారు. ఎవరి తర్వాత ఎవరు కనాలో దానిమీద రాసుంది.

మనిషి బియ్యానికి వరస కట్టాడు, రైలు టిక్కెట్టుకి కట్టాడు, చచ్చినవాడు చచ్చాడని కాగితం తీసుకోవడానికీ కట్టాడు. పుట్టుక ఒక్కటైనా చెప్పాపెట్టకుండా వస్తుందిలే అనుకుంటే, దాన్నీ తెచ్చి వరసలో నిలబెట్టాడు.

జోలక్క వంతు మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకి ముప్ఫై ఒకటి. ఎంత మొండి ఏడుపునైనా భుజాన వేసుకుని అయిదు నిమిషాల్లో నిద్రపుచ్చుతుందని ఆ పేరు. మొగుడు లిఫ్టు మెకానిక్కు, అప్పటికి కాంట్రాక్టు మనిషి. ఆ కాంట్రాక్టు తెగింది. పిట్ట పుల్లలు ఏరుకుని గుడ్డు పెడుతుంది. మనిషి గూటికి ముందు అడ్వాన్సు పెట్టాలి. వంతుని వెనకావిడకి ఇచ్చేసింది జోలక్క. బదులుగా ఆవిడ ఏడాదిపాటు ఈమె ఆదివారాలు చేసింది. రెండోసారి వంతు వచ్చేసరికి ఇంటి ఓనరు, "పిల్లలు లేరుగా? ఉంటే గోడలు పాడుచేస్తారు" అని అడిగి మరీ గది ఇచ్చాడు. మళ్ళీ మార్చుకుంది. షిఫ్టులు మార్చుకుని మార్చుకుని వాళ్ళకి అది అలవాటు. షిఫ్టు రేపు మళ్ళీ వస్తుంది, వయసు వస్తుందా అన్న ముక్క ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

మూడోసారి వచ్చేనాటికి ముప్ఫై ఎనిమిది నిండాయి. మొగుడి ఉద్యోగం పర్మినెంటయింది. ఒక ఉయ్యాల తొట్టి పట్టేంత చిన్నగది ఉన్న ఇల్లు దొరికింది. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, "ఏడాది ప్రయత్నిద్దాం. ఆ తర్వాత నేను మాట ఇవ్వలేను" అంది.

"మన లిఫ్టు ఎక్కడో కింద ఆగింది. బటన్ నొక్కుతూనే ఉన్నాం" అన్నాడు మొగుడు, ఇంటికొచ్చాక.

"మీ లిఫ్టులు మీరు చూసుకోండి" అంది కానీ, నవ్వింది.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పాలసీసాలు కడుగుతుంటే పొడుగమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. వరసలో ఆఖరిది, ఇరవై నాలుగేళ్ళు.

"అక్కా, ఒక మాట."

"చెప్పవే."

"నెల తప్పింది. రెండో నెల." గొంతు తగ్గించింది. "కావాలని కాదక్కా. నీ వంతని తెలుసు. మా ఆయనైతే తల పట్టుకు కూచున్నాడు. నువ్వెలా అంటే అలా. ఇంకా టైముందట."

జోలక్క చేతిలో బ్రష్షు ఆగింది. పిల్ల అడుగుతున్నదేమిటో తెలియకపోలేదు. ఉంచుకోమంటే తన ఏడాది పోయినట్టే. ఇద్దరూ ఒకేసారి మంచమెక్కితే గది ఉండదు. మళ్ళీ సీసా తోమడం మొదలుపెట్టింది. రెండు సీసాలయ్యాక అంది:

"నేనేం చెప్పనే. నీ కడుపు, నీ ఇష్టం."

పైకి పెద్దమనసులా ఉంటుంది ఈ మాట. ఆ సింకు దగ్గర నిలబడ్డ ఇద్దరికీ తెలుసు అది ఎటు తోస్తుందో.

సంగతి మిగతావాళ్ళకీ పాకింది.

"వరస ఉందని తెలీదూ దానికి?" అంది ముసలాయా.

"మంచమెక్కే ముందు బీరువా తలుపు తీసి చూసుకోవాలి కాబోలు" అంది ఇంకొకామె. ఒకరిద్దరు నవ్వారు. జోలక్క తలెత్తలేదు.

పొడుగమ్మాయి జ్వరమని మూడు రోజులు రాలేదు. నాలుగోనాడు వచ్చింది. ఎలాంటి జ్వరమని ఎవరూ అడగలేదు. ఏ పిల్లకి ఎప్పుడు ఏ మందు వేశారో నిమిషాలతో సహా చెప్పగల ఆడవాళ్ళు ఆ ఒక్క జ్వరం గురించి నోరెత్తలేదు. జోలక్క కుర్చీ జరిపి "కూచోవే" అంది. "నిలబడగలనక్కా" అంది ఆ పిల్ల.

జోలక్క ఏడాది నెలానెలా అరిగి అయిపోయింది. డాక్టరమ్మ ఫైలు మూసి, చాలా నెమ్మదిగా మాట్లాడింది. ఆ రోజు మొగుడు లిఫ్టు ఊసెత్తలేదు. వాకిట్లో ఉండే పనిముట్ల పెట్టె తీసుకెళ్ళి చిన్నగదిలో పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే మేడమ్ అందర్నీ పిలిచింది. కొత్తగా చేరే పసివాళ్ళు లేరట. ఇరవై ఒక్కమంది ఉండే గదిలో వచ్చే నెల నుంచి తొమ్మండుగురే. ముగ్గురు ఆయాలు చాలు. పాతదని జోలక్కనీ, ఓపిక ఉందని పొడుగమ్మాయినీ, ఇంకొకామెనీ ఉంచారు. తొట్లు మడిచి గోడకి చేరేశారు.

సాయంత్రం పొడుగమ్మాయి ఒక పసిదానికి పాలు పడుతుంటే జోలక్క వెళ్ళి పక్కన కూచుంది.

"నా వంతు అయిపోయిందే. నువ్వు తీసుకో. ఆ మూడో ఆవిడతో మాట్లాడాను, తనకి ఉన్న ఇద్దరు పిల్లలే చాలట."

"ఇప్పుడు కుదరదక్కా. అద్దె పెంచారు. మా ఆయన్ని కూడా పనిలోంచి తీసేసేలా ఉన్నారు."

"ఏడాది ఆగి?"

"ఆయన ఆ మాటే ఎత్తొద్దన్నాడు. ఆ మూడు రోజుల తర్వాత నాక్కూడా..." పసిది గుటకలేస్తోంది.

జోలక్క పసిదాని పాదాల మీదికి దుప్పటి లాగి అంది, "ఆ రోజు నేను ఉంచుకోమనాల్సింది."

పొడుగమ్మాయి సీసా ఇంకొంచెం వంచింది.

"అనాల్సిందక్కా" అంది.