గార వేసిన పింగాణీ పన్ను

ఆ రోజుల్లో మా పల్నాడులో మనిషిది ఏ ప్రాంతమో తెలుసుకోవడానికి ఊరుపేరు అడగనక్కర్లేదు, నవ్వించి చూస్తే చాలు. మా బావుల నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు పళ్ళమీద లేత పసుపు, మధ్యమధ్య ఇటుకరంగు చారలు ఉండేవి. దాన్ని గార అనేవాళ్ళం. అందరికీ ఉన్నది లోపమని ఎవరికీ తోచదు కదా. (మా బడి పంతులుగారు ఎక్కడినుంచో వచ్చినాయన. ఆయన పళ్ళు తెల్లగా ఉండేవి. పాపం, ఏదో జబ్బు కాబోలనుకునేదాన్ని.) గురజాల దగ్గర అలాంటి పల్లెలో, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో, పెళ్ళీడుకొచ్చిన నేను ముందుపన్ను విరగ్గొట్టుకున్నాను. అదీ అట్లతద్ది నాడు, మంచి మొగుడు రావాలని నోము నోచుకున్న పూటే.

అట్లతద్దికి వేపచెట్టుకు ఉయ్యాల వేసేవాళ్ళు. ఊపులో పైకెళ్ళి కొమ్మ చివర ఆకును నోటితో తెంపిన పిల్లకు ఆ ఏడంతా ఎదురుండదు. నేను ఆకు బదులు కొమ్మను కరిచాను. ఉయ్యాల వెనక్కి వచ్చింది, పన్నులో సగం రాలేదు. నాయనమ్మ నన్ను చూసి ఏడవలేదు, కేకలు వేయలేదు. "అయిపోయింది. ఇంక దీన్నెవడు చేసుకుంటాడు" అని ఒక్కమాట అనేసి, అట్లు మాడిపోతున్నాయని లోపలికి పోయింది. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. అప్పట్నుంచి నవ్వడం మానేశాను, మాట్లాడితే పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని. తర్వాత వచ్చిన రెండు సంబంధాలూ వాకిట్లోనుంచే వెనక్కి పోయాయి.

నాన్న నన్ను గుంటూరు పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాడు. "బంగారప్పన్ను కట్టించరా, నలుగురికీ కనపడుద్ది" అంది నాయనమ్మ. "కనపడకూడదనే గదమ్మా పోయేది!" అన్నాడు నాన్న. డాక్టరుగారు విరిగిన పన్నును కొంచెం అరగదీసి, దానిమీద పింగాణీ తొడుగు వేస్తానన్నాడు. సొంత పన్నుకూ దానికీ తేడా కనిపెట్టడం బ్రహ్మతరం కూడా కాదన్నాడు. తర్వాత ఒక పలకకు వరసగా బిగించిన నమూనా పళ్ళు తెచ్చి, ఒక్కొక్కటే నా నోటిదగ్గర పెట్టి చూశాడు. తెలుపులో అన్ని రకాలున్నాయని నాకు అప్పుడే తెలిసింది. అందులో మా రంగు మాత్రం లేదు. ఉన్నవాటిలో ముదురుది చూసి, అచ్చు తీసి, మద్రాసుకు పంపి చేయించాడు.

అది పెట్టించుకుని ఇంటికొస్తే, పన్ను విరిగినప్పుడు ఒక్కసారి చూసిపోయినవాళ్ళు ఇప్పుడు చుట్టాలను వెంటబెట్టుకుని మళ్ళీమళ్ళీ వచ్చారు. గారపళ్ళ మధ్య అదొక్కటి సున్నం కొట్టిన గోడలా మెరుస్తోంది. నాన్న మర్నాడే రైలెక్కించాడు. "డాక్టరుగారూ, మా పిల్లకు మా గార కావాలండీ" అన్నాడు. డాక్టరుగారు "అయ్యా, నా దగ్గరికి అందరూ గార పోగొట్టమని వస్తారు" అన్నాడు. నాన్న తన పైపెదవి ఎత్తిపట్టి, "ఇదిగోండి, ఈ లెక్కన" అని చూపించాడు. డాక్టరుగారు నా పక్కపన్ను మీది చారలన్నీ కాగితం మీద రంగులతో గీసుకున్నాడు. రెండోసారి వచ్చిన పన్ను పెట్టాక అద్దంలో ఎంత వెతికినా నాకే దొరకలేదు. నాయనమ్మ మాత్రం, "చానా డబ్బులు పెట్టి, ఆఖరికి కనపడందాన్ని తెచ్చారేందిరా!" అని విసుక్కుంది.

ఆ మాఘంలో మా మామయ్య మధ్యవర్తిగా రేపల్లెవైపు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి, వాళ్ళ నాన్న, మేనత్త వచ్చారు. మేనత్త మా నీళ్ళ సంగతి విన్నదట, మరచెంబు నిండా కృష్ణకాలవ నీళ్ళు వెంట తెచ్చుకుంది. మావాళ్ళు మంచినీళ్ళ చెంబు ముందు పెడితే పక్కకు జరిపి, "ఏమనుకోబాకండి, మావాడి పళ్ళకు పడవు" అంది. (ఒక్కపూటకే గార పట్టేటట్టయితే మా ఊరికి వచ్చిన కలెక్టర్లందరూ మాలాగే ఉండాలి.) నాన్న మొహం గంటు పెట్టుకున్నాడు. తర్వాత ఆవిడ నా గడ్డం పట్టుకుని, సంతలో ఎడ్లకు చూసినట్టు నా పెదవి ఎత్తి చూసింది. అందరూ ముందుకు వంగారు. ఆ అబ్బాయి ఒక్కడూ తల తిప్పుకుని చూరువైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడే నాకతను నచ్చాడు. వీళ్ళు కూడా వెళ్ళిపోతారేమోనని మొదటిసారి భయమేసింది.

"గార ఉందిగానీ, ఈ గడ్డమీద పుట్టినాక తప్పుద్దా! వరస మటుకు ముత్యాలే. దేవుడిచ్చిన పళ్ళు" అని తేల్చింది మేనత్త. మామయ్య ఊపిరి పీల్చుకున్నాడు. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ నాన్న గొంతు సవరించుకుని, "అన్నీ దేవుడిచ్చినయ్యి కాదులేమ్మా. ఒకటి గుంటూరు డాక్టరిచ్చాడు" అన్నాడు. అది నిజాయితీయో, అంత ఖర్చు ఎవరికీ తెలియకుండా పోతుందన్న బాధో నేనింతవరకూ తేల్చుకోలేదు.

"ఏదీ?" అందావిడ. నాన్న చూపించాడు. ఆవిడ గోటితో గీకి చూసింది. అబ్బాయి తండ్రి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "దీనికీ గార ఉందిగదయ్యా" అన్నాడు. "గార ఏయించాం" అన్నాడు నాన్న. మేనత్త నెమ్మదిగా, "డబ్బులు పోసి గార ఏయించుకునేవాళ్ళు ఎక్కడన్నా ఉంటారా అన్నయ్యగారూ?" అంది. నాన్న మళ్ళీ నా పన్నే చూపించాడు.

"సంబంధం ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. మీ నీళ్ళు ముట్టుకోలేదని మనసులో పెట్టుకుని, బంగారంలాంటి పిల్లకు లేని వంక పెడతారా?" అంటూ ఆవిడ లేచి మరచెంబు అందుకుంది. "నిజంగానే కట్టించిన పన్నమ్మా!" అని మామయ్య ఒట్టేశాడు. "అందరూ కూడబలుక్కున్నారా!" అందావిడ. మావాళ్ళు ఎంత గట్టిగా ఒట్లేస్తే వాళ్ళకంత కోపమొచ్చింది. అబ్బాయి తండ్రి చెప్పులు వెతుక్కుంటున్నాడు. అబ్బాయి కూడా లేచాడు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. "మా నాన్న అబద్ధం ఆడడు. అది కట్టించిన పన్నే. సంబంధం నాకిష్టమే" అన్నాను.

పెళ్ళిచూపుల్లో పిల్ల ఇంత మాట అనడం మా వంశంలో అదే మొదలు. నాయనమ్మ "ఓసి నీ దుంపతెగా!" అని నెత్తి కొట్టుకుంది. నాన్న నేలచూపులు చూశాడు. ఆ అబ్బాయి నావైపు ఒకసారి సూటిగా చూసి, "కాసిని మంచినీళ్ళు" అన్నాడు. మేనత్త మరచెంబు మూత తిప్పబోయింది. "అయ్యి కాదత్తా" అని, మా చెంబెత్తి గటగటా సగం తాగాడు. మూతి తుడుచుకుని, ఇందాకటి చోటే మళ్ళీ కూర్చున్నాడు. ఆవిడ మేనల్లుణ్ణి ఎగాదిగా చూసి, చేసేది లేక తనూ కూర్చుంది.

మా ఆయన పోయి ఏళ్ళు గడిచాయి. ఆ పూట అంత ధైర్యం నాకెక్కడినుంచి వచ్చిందో అని ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆశ్చర్యపోతుంటాను. ఇప్పుడు పొద్దున్నే కోడలు వచ్చి కూర ఏం చేయమంటారని అడుగుతుంది. మనవరాలు నీకు ఏ రంగు చీర తెమ్మంటావంటుంది. అందరికీ నాది ఒకటే జవాబు, "మీ ఇష్టం" అని. ఆనాటి ఆ పిల్ల ఇప్పుడు ఈ గుమ్మంలోకి వచ్చి నిలబడి వింటే, నన్ను చూసి పడీపడీ నవ్వుతుంది.