జేబుల్లో దాచిన శాండ్‌విచ్‌లు

నా చిన్నప్పుడు, నవ్వించడం కూడా ఒక ఉద్యోగమేనని మా పక్కింటి తాతగారిని చూశాకే తెలిసింది. మా నాన్న ప్రపంచానికి దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్ అనే ఊళ్లో, ఆసుపత్రి డాక్టరు. ఊరంతటికీ తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. పక్కింట్లో కూతురి దగ్గరుండే ఆ తాతగారు ఒకప్పుడు లండన్ రేడియోలో హాస్యగాడట. ఇంగ్లండులో ఇంటింటా ఆయన గొంతు తెలుసట. తర్వాత సినిమాల్లోకి వెళ్లి మెట్ల మీంచి దొర్లే వేషాలూ, బురదలో పడే వేషాలూ వేశారు. వయసు మీదపడి పిలిచేవాళ్లు తగ్గాక, ఓడెక్కి ఈ చలిదేశానికి వచ్చేశారు. మా అమ్మ గౌరవంగా "బాబాయిగారూ" అని పిలిస్తే, 'బై' చెబుతోంది కాబోలనుకుని చెయ్యూపి లోపలికి వెళ్లిపోయేవారు. అమ్మ నొచ్చుకునేది. ఆ సంగతి తేలడానికి ఒక చలికాలం పట్టింది.

అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రం. డెయిరీకి, అదే వీధి చివరి కొట్టుకి, వెళ్లి "బ్రెడ్డు, మిల్కు" అని అడిగితే, అక్కడున్న పిల్లలు ఆ చివరి 'ఉ'ని పట్టుకుని పాట కట్టారు. అంతే, ఆవిడ గడప దాటడం మానేసింది. నాన్న ఎంత చెప్పినా వినలేదు. రానురాను ఇంట్లోనూ మాటలు తగ్గిపోయాయి. అమ్మ ఇలాగే మూగదైపోతుందేమోనని నాకు భయం వేసేది.

అందుకే మా బళ్లో తల్లిదండ్రుల విందుకు అమ్మ వస్తానన్న రోజు నాకు పండగే. విందు ముందురోజు మా ఇంటి గేటు దగ్గర ఆగి టీచరమ్మ "ఒక ప్లేటు తీసుకురండి" అని చెబితే, నా సాయం లేకుండానే అమ్మకి అర్థమైంది. "పాపం, వాళ్లకి కంచాలు చాలవు కాబోలు" అని జాలిపడింది. పుట్టింటివాళ్లు పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు కంచాన్ని తళతళా తోమి, మర్నాడు పట్టుచీర కట్టుకుని బయల్దేరింది.

ఆ దేశంలో ప్లేటు తెమ్మంటే, ప్లేటు నిండా తినేదేదో తెమ్మని అర్థం. హాల్లో బల్ల నిండా కేకులూ, కూర నింపి కాల్చిన పైలూ. వాటి మధ్య అమ్మ ఖాళీ కంచం. ఎవరో కిసుక్కున నవ్వారు, ఇంకొకరు అందుకున్నారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇంక నేనెక్కడికీ రానే, నన్ను రమ్మని అడక్కు" అంది. నాకు ఏడుపొచ్చింది.

అంతలో గుమ్మం దగ్గర దభేలుమని చప్పుడు. మనవడి కోసం వచ్చిన పక్కింటి తాతగారు గడప తట్టుకుని, పడబోయి, గంతులేసుకుంటూ వచ్చి సరిగ్గా అమ్మ పక్కన ఆగారు. ఆయన చేతిలోనూ ఖాళీ ప్లేటే!

"ప్లేటు తెమ్మన్నారు, తెచ్చాను. ఇన్నేళ్లుగా ఇక్కడే ఏడుస్తున్నాను, ఒక్కరైనా నాకు చెప్పి చావలేదేం?" అని అరిచారు. హాలంతా గొల్లుమంది. అమ్మ కంచం సంగతి అందరూ మరిచిపోయారు. ఎవరో వచ్చి ఇద్దరి ప్లేట్లూ నింపారు.

తాతగారితో కలిసి ఇంటికి నడిచి వస్తుంటే ఆయన కోటు జేబులు ఉబ్బెత్తుగా కనిపించాయి. ఆయనే చెయ్యి పెట్టి తీస్తే నలిగిన గుడ్డు శాండ్‌విచ్‌లు! కూతురు చేసి పంపినవే. కిటికీలోంచి అమ్మ కంచం చూసి, బయటే జేబుల్లో కుక్కేశారట. అమ్మ రోడ్డు మీదే ఆగిపోయి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ ఊరొచ్చాక అమ్మ అలా నవ్వడం అదే మొదటిసారి.

ఎందుకలా చేశారని ఆయన్ని అడిగాను. "రేడియోలో నత్తివాళ్లనీ, వేరే యాసవాళ్లనీ అనుకరించి నవ్వించాను. వినేవాళ్లలో వాళ్లూ ఉంటారు కదా, నాకు కనబడలేదంతే. సినిమాలకి వెళ్లాకే నేను పడటం నేర్చుకున్నాను. నవ్వు ఎలాగూ ఎవరో ఒకరి మీద పడుతుంది. మోయగలిగినవాడి మీద పడితే మంచిది" అన్నారు.

ఆ వారమే అమ్మ నన్ను వెంటబెట్టుకుని డెయిరీకి వెళ్లింది. "బ్రెడ్డు" అని బిగ్గరగా, కావాలని ఆ 'ఉ'ని సాగదీసి మరీ అడిగింది.

ఇప్పుడు అదే దేశంలో, న్యూ లిన్ అనే పేటలో నేనే అమ్మమ్మని. మొన్న దగ్గర్లోని శాండ్రింగ్‌హామ్‌లో విందుకెళ్తే, కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఇంగ్లీషు విని మా మనవలు నవ్వారు. నేను వెంటనే, కావాలనే అంతకన్నా తప్పుగా ఇంగ్లీషు మాట్లాడాను. వాళ్లు పొట్ట పట్టుకున్నారు, ఆ అమ్మాయి కూడా నవ్వింది. నవ్వులు వినబడితే నాకు ఇప్పటికీ అదే అలవాటు. నవ్వుతున్నవాళ్లని కాదు, నవ్వలేకపోతున్నదెవరా అని చూస్తాను.