అమ్మ ముఖానికి రాని ఎరుపు

ప్రింటర్ హెడ్‌ను ఊడదీసి గోరువెచ్చని నీళ్ళతో తడిపిన పాత బట్ట మీద ఆనించగానే, ఎండిపోయిన సిరా కరిగి నీలం, పసుపు, ఎరుపు చారలుగా పాకుతుంది, పులిసిన మందులాంటి వాసన లేస్తుంది. పిల్లల బడి పనుల కోసం కొన్న ప్రింటర్ ఇది. ఆ వాసన తగిలితే చాలు, మదనపల్లె ఆసుపత్రి క్వార్టర్సు, మా నాన్న మీద కోపం ఒక్కసారే వస్తాయి నాకు.

మా తాత కూలికి పోయినవాడు, నాన్న మాత్రం ఆసుపత్రిలో గుమాస్తా, అందుకే మా బంధువులందరిలో ప్రింటర్ ఉన్న ఇల్లు మాదొక్కటే. మార్కెట్ యార్డు వైపు నుంచి మగ్గిన టమోటా వాసన మోసుకొచ్చే ఎండాకాలపు గాలిలో క్వార్టర్సు పిల్లలమంతా వరండాలో అచ్చనగండ్లు ఆడేవాళ్ళం, క్రిస్మస్ ముందు అమ్మ గులాబీ పువ్వుల పిండివంటకు అచ్చు నూనెలో ముంచుతుంటే చుట్టూ మూగేవాళ్ళం, నాన్నేమో ఆదివారం ప్రార్థనకు పాటల కాగితాలు ముద్రించి, ఆరేదాకా మంచమంతా పరిచి, ఆ మంచం దరిదాపులకు ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

ఒక ఎండాకాలం అమ్మ జ్వరంతో మంచం పట్టి, లేవకుండానే పోయింది. అన్నాళ్ళూ ఎవరూ ముట్టని ప్రింటర్‌లో సిరా ఎండిపోయింది. మా క్రైస్తవుల్లో మనిషి పోయాక జ్ఞాపకార్థ కూడిక పెట్టి, పోయినవాళ్ళ ఫొటోతో ఒక బైబిలు వాక్యం వేసిన కార్డు అందరికీ పంచుతారు. ఎవరైనా స్టూడియోలోనే వేయిస్తారు. నాన్న ఒప్పుకోలేదు.

“ఇంట్లో మిషను పెట్టుకోని అంగడికి యాల పోవల్ల?”

అమ్మకు ఉన్న ఫొటో అంటే నాన్న ఫోన్‌లోని ఒక్కటే. అది సరిగ్గా కాగితం మీదికి వస్తే దాచుకోవాలని నా ప్రాణం కొట్టుకుంది. కానీ ఎరుపు రాలేదు. ఎరుపు లేని అమ్మ ముఖం పాచి పట్టిన గోడలా వచ్చింది, దాని మీద అడ్డంగా తెల్ల గీతలు.

నీళ్ళతో నానబెట్టాల్సిన దానికి నాన్న వార్డు నుంచి స్పిరిట్ తెచ్చాడు. “సూది ఏసే ముందు తుడిసేది ఇదే గదా, దీనికి పోని మురికి యాడుంటాది? నీ ఏళ్ళు సన్నంగా ఉండాయి, నువ్వే తుడువు పాపా” అన్నాడు. తుడిచాను. మళ్ళీ ముద్రించాడు. పాచి ముఖమే వచ్చింది. చెక్క స్కేలుతో నా వేళ్ళ కణుపుల మీద కొట్టి మళ్ళీ తుడవమన్నాడు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన మా మేనత్త అడుగుపెట్టిన ఏ ఊరూ బాగుపడి ఉండదు. పాడైన కాగితాల్లో కొన్ని ఏరుకుని వంటింట్లో పరిచి, కూడికకు కాల్చిన వడలను నూనె పీల్చేలా వాటి మీదే పోసింది. నేను లాగబోతే చెయ్యి విదిలించి కొట్టింది.

“బతికినన్నాళ్ళూ మూలన పడి పాచి పట్టిందే గదా మీయమ్మ, కార్డులోనూ అట్నే ఉండాది” అని, నాన్న వైపు తిరిగి “పంచేయ్‌ప్పా” అంది.

అందరూ నవ్వారు, నాన్న కూడా. కుప్పం నుంచి వచ్చిన అమ్మ తరఫువాళ్ళ చేతుల్లో మిగిలిన ఆ పాచి ముఖం కార్డులే పెట్టారు. మా అమ్మమ్మ కార్డును కొంగుతో తుడుస్తూనే కూర్చుంది, మరక అనుకుని.

క్రిస్మస్ రాకముందే నాన్న కొత్త హెడ్ వేయించి తన రెండో పెళ్ళి కార్డులు ఇంట్లోనే ముద్రించాడు. అంచు చుట్టూ గులాబీలు రక్తమంత ఎర్రగా వచ్చాయి. అవి ఆరేదాకా కాపలా కూర్చోమని నాకే చెప్పాడు. తర్వాత తన ఫోన్ కొత్తగా వచ్చిన పిన్నికిచ్చాడు, ఇచ్చేముందు అందులోని ఫొటోలన్నీ తుడిచేశాడు.

ఇప్పుడు ఆ క్వార్టర్సు లేవు, అమ్మమ్మ లేదు, నాన్న లేడు. కూడిక కార్డులు కూడా ఫోన్లోకే వస్తున్నాయి. అమ్మను ఎరిగినవాళ్ళలో పుంగనూరులో అత్త ఒక్కతే మిగిలింది. మొన్న పోయి, మా అమ్మ ఏ రంగులో ఉండేదని అడిగాను. ఎగతాళి చేసే ఓపిక ఇప్పుడామెకు లేదు. నిజంగానే గుర్తు చేసుకోవాలని చూసింది.

“పాచి రంగు పాపా. పాపం, మంచి మనిషి” అంది.

కళ్ళు మూసుకుంటే నాకూ ఆ రంగే కనిపిస్తుంది.