మా ఇంటికి మళ్ళీ వచ్చిన బండి

ముప్పై దాటేదాకా నేను బండి నడపలేదు. మా ఇంట్లో ఆ మాటే ఎత్తేవాళ్ళం కాదు. నేను డిగ్రీలో ఉండగా మా అన్న బండి మీద పోతూ చిత్తూరు రోడ్డులో చనిపోయాడు. నాయన అంతకు ముందే లేడు కాబట్టి ఇంట్లో అమ్మా నేనే మిగిలాం. ఆ తర్వాత అమ్మ నన్ను ఎవరి బండి వెనకా ఎక్కనివ్వలేదు. తిరుపతిలో బస్సులకూ షేర్ ఆటోలకూ కొదవ లేదు గనుక ఏళ్ళు అలాగే గడిచిపోయాయి.

తర్వాత శ్రీకాళహస్తి అవతల ఒక పల్లె బడికి నన్ను బదిలీ చేశారు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అది రాని రోజు పిల్లలు తాళం వేసిన బడి మెట్ల మీద నాకోసం కూర్చుని ఉండేవాళ్ళు. బండి కొనక తప్పదని ఒకరోజు అమ్మతో చెప్పేశాను. ఆమె తలెత్తకుండా చింతపండు ఈనెలు తీస్తూనే ఉంది.

"కొనుక్కో. ఆ బండి తోలే ముందర మాత్రం కాణిపాకం పోయి ప్రమాణం చెయ్యల్ల," అంది.

మా వైపు అంతకు మించిన మాట లేదు. కోర్టులో తడుముకోకుండా అబద్ధమాడేవాడు కూడా కాణిపాకం వినాయకుడి ముందు నోరు విప్పడానికి జంకుతాడు.

నాకు బండి నేర్పింది తిరుపతిలో నా పాత బడి లెక్కల సారు. లైసెన్సు చేతికొచ్చాక షోరూముకి కూడా ఆయన్నే తోడు తీసుకెళ్ళాను. నా కన్ను తిన్నగా ఒక పెద్ద ట్యాంకు బండి మీదికి పోయింది. అన్నది అలాంటి బండే. ఎక్కి కూర్చుంటే మునివేళ్ళు మాత్రమే నేలకు తగిలాయి. నాలుగు రోజుల్లో అలవాటైపోతుందన్నాడు అమ్మే కుర్రాడు.

"ఆ నాలుగు రోజుల్లో పడితే ఎవరప్పా లేపేది?" అన్నాడు సారు. "రెండు పాదాలూ నేలకి ఆనకుంటే అది నీ బండి కాదబ్బా."

పక్కనే పాల క్యాన్లు కట్టుకునే రకం మామూలు బండి ఒకటి ఉంది. దాన్ని చూస్తే నాకు మనసు చిన్నబోయింది. మర్నాడు అమ్మను తీసుకొచ్చి రెండూ చూపించాను. ఆమె రంగు అడగలేదు, ధర అడగలేదు. రెండింటి మీదా నన్ను కూర్చోమని నా పాదాల వైపే చూసింది.

"ఈ చిన్నదే," అంది.

ప్రమాణం కాకుండా ఆ బండి నేను తోలకూడదు కాబట్టి కాణిపాకానికి బండిని సారే తోలుకొచ్చాడు. మేము బస్సులో వెళ్ళాం. చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు కూడా ఆయనే కొని, బండి దగ్గర ఉండిపోయాడు. ధ్వజస్తంభం ముందు నిలబడి నేను ప్రమాణం చేశాను. హెల్మెట్ లేకుండా ఎక్కను, తాగి ఎక్కను, తొందరపడను. అయిపోయిందనుకుని వెనక్కి తిరిగితే, అమ్మ కొంగు నిండా కప్పుకుని ముందుకు వచ్చింది.

"సామీ, నా బిడ్డ దారిలో ఉండేటప్పుడు నేను ఫోన్ చెయ్యను. చేరినానని వాడు చేసేదాకా నేను చెయ్యను."

బయటికి వచ్చాక నేను అడగకుండానే చెప్పింది.

"ఆ పొద్దు మీ అన్నకి ఫోన్ చేసింది నేనే. అన్నం తిన్నావా అని అడిగినా. తిన్నానమ్మా అన్నాడు. అంతే."

ఇన్నేళ్ళూ ఆ మాట కడుపులో పెట్టుకుని నాకు అన్నం వడ్డించింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం కొబ్బరిచిప్ప సంచిలో సర్దుకుని, పూజ చేయించడానికి బండి వైపు నడిచింది.

మొదటిరోజు బడికి చేరగానే హెల్మెట్ అయినా తీయకుండా అమ్మకు ఫోన్ చేశాను. పక్కింటి అత్త ఎత్తింది.

"మీ అమ్మ ఫోను మా ఇంట్లో పెట్టి పోయిందబ్బా. దగ్గరుంటే చెయ్యి ఊరుకోదంట. ఉండు, పిలుస్తా."

పిలవాల్సిన పని లేకపోయింది. అమ్మ గోడ అవతలే నిలబడి ఉన్నట్టుంది.

"చేరినావా నాయనా?"

"చేరినానమ్మా."