సోములు బిగించిన కంటె

సాలూరులో వెండిపని చేసే సోములు ముప్పై ఏళ్లకు పైగా వారం వారం పాచిపెంట సంతకు వెళ్లాడు. కొండ మీది గూడేల ఆడపిల్లలకు మెడకంటెలు అతనే వేసేవాడు. గోనె మీద కూర్చోబెట్టి, మెడకు తడిగుడ్డ చుట్టి, కంటె తొడిగి, రెండు కొసలూ కలిపి వెండి మేకు దిగ్గొట్టేవాడు. ఇక అది ఊడదు. పోడుపనిలోనూ పురిటిలోనూ మెడలోనే ఉంటుంది.

రానురాను సంతలోకి గిల్టు గొలుసులొచ్చాయి. చేతులకు వణుకూ వచ్చింది. ఆరేళ్ల క్రితం సోములు కుంపటి చల్లార్చేశాడు.

నిరుడు వానాకాలంలో రమణి అనే అమ్మాయి అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

“తాతా, మాయమ్మ కనక ఆస్పత్రిలో ఉంది. మెడకి స్కానింగ్ తియ్యాలంట. కంటె కట్టరుతో కోసేత్తామంటే ఒప్పుకోదు. సోములన్న ఏసినాడు, ఆయనే తియ్యాలంతంది.”

సోములు సుత్తి, ఉలి, పట్టకారు సంచిలో వేసుకుని వెంటనే బయల్దేరాడు. మంచం మీది మనిషి ముఖం గుర్తురాలేదు. కంటె మీది చేపముల్లు గీతల్ని వేలితో తడిమాక గుర్తొచ్చింది.

“సంతంతా ఇనపడేలా ఏడిసిన గుంటవి నువ్వు కాదేటి?”

“ఏడిత్తే నువ్వు కోడిపుంజునాగ కూసినావు. నాను నవ్వుతుండగా దెబ్బేసీసినావు,” అంది కనక.

మూడో దెబ్బకు మేకు ఊడింది. కంటె కింద ఎండ తగలని చర్మం తెల్లని పట్టీలా ఉంది. తల్లి బోసిమెడ రమణి ఎన్నడూ చూడలేదు. కనక సిగ్గుపడి కొంగు కప్పుకుంది.

స్కానింగ్ చూసి డాక్టర్లు పెద్ద జబ్బేమీ లేదన్నారు. నెత్తిన మోపులు మొయ్యొద్దన్నారు, అంతే. కంటె మళ్లీ వెయ్యమంది కనక. సోములు తన చెయ్యి చూసుకుని, సుత్తి రమణికి ఇచ్చి, తను పట్టకారుతో మేకు పట్టుకున్నాడు.

“బయపడీసి మెల్లగా కొట్టకమ్మా, జారిపోద్ది. ఒక్కటే దెబ్బ.”

రమణి కొట్టింది. మేకు కూర్చుంది.

బస్సు వచ్చేదాకా సోములు తను కంటె వేసిన పాత మెడలన్నిటి గురించీ పేరుపేరునా అడిగాడు. చాలా కంటెలు కరిగిపోయాయి. గూడెంలో ఇంకా ఉన్నవి తనదీ, ముసలి ఫల్గుణదీ మాత్రమేనని కనక చెప్పింది.

“ఆ ముసల్ది సంతకి రాలేదు. నువ్వే ఓపాలి రా అన్నా.”

అన్నేళ్లూ వాళ్లే దిగి వచ్చారు తప్ప, సోములు ఏనాడూ కొండెక్కలేదు. తర్వాతి వారం జీపు ఆగిపోయిన చోట దిగి, కర్ర పట్టుకుని, రమణి వెనకాల నెమ్మదిగా ఎక్కాడు. ఫల్గుణ వాకిట్లో రాగులు చెరుగుతోంది. అతన్ని చూసి చేట పక్కన పెట్టి, పీట వేసింది.